కొక్కేనికి లేని ఎర్ర బిళ్ళ

“సంతకం పెట్టమ్మా. నువ్వూ ఒక గీత గీసేస్తే పోలీసుల పని వాళ్ళు చేసుకుంటారు, మన పని మనం చేసుకుంటాం,” అన్నాడు కత్తెర, కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు తోస్తూ. బల్ల మీద చోటు కోసం తన తోలు సంచీని కిందికి దించాడు. నేలకు తగలగానే అది ఠంగుమంది.

బూడిదక్క కాగితం వైపు చూడలేదు. సంచీ వైపు చూసింది.

ఆ బీమా కంపెనీలో వీళ్ళిద్దరికీ అసలు పేర్లు కూడా ఉన్నాయంటే కొత్తగా చేరినవాళ్ళు నమ్మరు. గోడౌన్లు తనిఖీ చేస్తూ, జనం అడిగిన పరిహారాలకు పాతికేళ్ళుగా కోతలు పెట్టీ పెట్టీ ఆయన కత్తెర అయ్యాడు. ఎక్కడ ఏది కాలినా అక్కడికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని బూడిద కెలికి, మంట ఎక్కడ పుట్టిందో చెప్పడం ఆమె ఉద్యోగం కాబట్టి ఆమె బూడిదక్క అయింది. ఇద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. అయినా ఒకరి సంతకం లేకుండా ఇంకొకరి నివేదిక చెల్లదని కంపెనీ ఒక నిబంధన పెట్టింది. ఆ నిబంధన రాసిన మహానుభావుడెవరో గానీ ఆయనకు దణ్ణం పెట్టాలి.

“ముందు తీపి కబురు మాట్లాడుకుందాం సార్. మనవడు పుట్టాడటగా?” అంది బూడిదక్క.

కత్తెర మొహంలో ఒక్క క్షణం అసలు మనిషి కనిపించాడు. “ఆఁ, మొన్న మధ్యాహ్నం. వాడి మొహం ఒక్కసారే చూశాను. ఈ గోడౌన్ అంటుకున్న దగ్గర్నుంచీ ఇక్కడే పడి ఉన్నాను.”

“పడి ఉండమని నేను పిలిచానా?” అంది కిటికీ పక్కన నిటారుగా కూర్చున్న ముసలామె. ఆ పత్తి గోడౌన్ ఆవిడదే. హమాలీల దగ్గర్నుంచి బ్యాంకు వాళ్ళ దాకా అందరికీ ఆవిడ పెద్దమ్మ. “నా గోడౌన్ నేనే అంటించుకున్నానట. ఇంకా నయం, ఆ మంటలో చలి కాచుకున్నానని రాయలేదు.”

పోలీసు అధికారి ఇబ్బందిగా దగ్గాడు. ఆయనా చిన్నవాడేం కాదు, నలభై దాటినవాడు. పెద్దమ్మను జీపెక్కించడం ఆయనకీ ఇష్టం లేదు. “నిన్న పొద్దున మంట వచ్చేసరికి తలుపులకు బయట తాళం ఉంది మేడమ్. తాళాలు పగల్లేదు. తాళంచెవులు ఈవిడ దగ్గరే ఉన్నాయి. లోపల పైకప్పు నిండా మంట ఆర్పే నీళ్ళ గొట్టాలున్నా ఒక్క చుక్క రాలేదు. ఎందుకంటే వాల్వు మూసేసి ఉంది. మంట ఆరగానే ఆ వాల్వు గదికి నేనే సీలు వేశాను. ఇంకేం కావాలి చెప్పండి?”

“వ్యాపారం కూడా నష్టాల్లో ఉంది,” అని అందించాడు కత్తెర.

“ఒక గంట కావాలి. గంట తర్వాత కూడా ఈ కాగితంలో ఉన్నదే నిజమైతే నేనే కలం అడిగి పుచ్చుకుంటాను,” అంది బూడిదక్క.

“గంటా? మధ్యాహ్నం రెండింటికల్లా పరిహారం ఇస్తామో లేదో మన పెద్దాఫీసు ప్రకటించాలి. బ్యాంకుల వాళ్ళందరూ దాని కోసమే కాచుక్కూర్చున్నారు.”

“అందుకే ఒక్క గంట అడిగాను. లేకపోతే రెండు రోజులు అడిగేదాన్ని.”

*

గోడౌన్‌లో సగం పైకప్పు కూలిపోయింది. నడిమి వరసల్లోని బిగించి కట్టిన పత్తి బేళ్ళు నల్లటి గుట్టలై, ఫైరింజన్ల నీళ్ళకు నాని ముద్దయ్యాయి. ఎడమవైపు గోడ పక్క వరస మాత్రం మంటకు అందలేదు, నీళ్ళకూ అందలేదు. తెల్లగా, పొడిగా, ఇనప పట్టీల కట్టుతో వరసగా నిలబడి ఉంది.

కత్తెర నల్లటి గుట్టల దగ్గరే ఆగిపోయాడు. “మంట ఇక్కడ కదమ్మా. నువ్వు ఆ మూలకి పోతావేంటి?”

“కాలిపోయినదాన్ని మీరు చూశారుగా. నేను కాలనిదాన్ని చూస్తాను.”

బూడిదక్క గోడ పక్క వరస వెంబడి నడుస్తూ ఒక్కొక్క బేలునూ చేతివెనకతో తాకుతోంది. పిల్లలకు జ్వరముందేమోనని అమ్మలు చూసే పద్ధతే అది. ఒకటి చల్లగా ఉంది. రెండోదీ అంతే. చాలాసేపు అలా చల్లటివే తగిలాయి. పోలీసు అధికారి గడియారం చూసుకోవడం ఆమె కంట పడింది గానీ పట్టించుకోలేదు. ఇంచుమించు చివర్లో ఆమె చెయ్యి ఒక బేలు మీద ఆగిపోయింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

“ఇలా రండి. చెయ్యి పెట్టి చూడండి.”

పోలీసు అధికారి చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. “వెచ్చగా ఉందేంటిది? మంట ఇక్కడిదాకా రాలేదుగా.”

“రాలేదు. నాలుగు బకెట్ల నీళ్ళు తెప్పించి పెట్టుకోండి. పట్టీలు కోయించాలి.”

ఇద్దరు హమాలీలు నీళ్ళు దగ్గర పెట్టుకుని ఇనప పట్టీలు కోశారు. బిగించిన పత్తి ఊపిరి వదిలినట్టు ఉబ్బింది. పై పొరలు తెల్లగా వచ్చాయి. వాటి కింద పసుపు రంగు, ఆ కింద గోధుమరంగు. ఇంకో పొర లాగేసరికి లోపల తలకాయంత నల్లటి గుంత బయటపడింది. గుంత అడుగున ఎర్రగా ఒక నిప్పు కణం గాలి తగిలి కన్ను తెరిచింది. హమాలీ అడక్కుండానే బకెట్ కుమ్మరించాడు. కమురు వాసన గుప్పుమంది.

“పైన తెల్లగా ఉంది, కడుపులో కాలుతోంది. దీన్ని ఎవరైనా అగ్గిపుల్ల గీసి అంటించగలరా?” అని అడిగింది బూడిదక్క.

పోలీసు అధికారి బుర్ర గోక్కున్నాడు. “మరెలా?”

“పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో రాయో మేకో పడితే రంపాలకు తగిలి నిప్పురవ్వ పుడుతుంది. అది దూదితో పాటే వెళ్ళి ప్రెస్సులో బేలుగా బిగుసుకుపోతుంది. లోపల గాలాడదు కాబట్టి మండదు. గాలి పూర్తిగా లేకుండా పోదు కాబట్టి చావదు. రోజుల తరబడి అలా నమిలి నమిలి ఏదో ఒక రోజు పైకి వస్తుంది. అప్పటికి అది ఏ గోడౌన్‌లో ఉంటే ఆ గోడౌన్ కాలుతుంది. దానికి తాళాలతో పని లేదు, తాళంచెవులతో అంతకన్నా పని లేదు.”

తలుపు దగ్గర్నుంచి చూస్తున్న పెద్దమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. అంతవరకూ నిటారుగా ఉన్న మనిషి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కత్తెర మాత్రం పెద్దమ్మను చూడలేదు, నిప్పు గుంతనూ చూడలేదు. హమాలీలు పక్కకు తోసిన బేలు చివర గుడ్డ మీద ఉన్న మిల్లు గుర్తును చూస్తున్నాడు. మూడు ఆకుపచ్చ గీతలు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

“ఈ గుర్తున్న సరుకంతా ఇక్కడే ఉందా?” అన్నాడు నెమ్మదిగా.

“ఎందుకు సార్?”

“ఏం లేదు. ఊరికే.”

ఊరికే ప్రశ్నలడిగే మనిషి కాదు కత్తెర. బూడిదక్క ఆ మాటను కొంగున ముడేసుకుంది.

*

వాల్వు గది గోడౌన్‌కు ఆనుకుని విడిగా ఉన్న చిన్న ఇటుకల గది. దానికి మంట సెగ కూడా తగల్లేదు. పోలీసు అధికారి సీలు తీశాడు. గది మధ్యలో లావుపాటి గొట్టం, దానికి బండి చక్రమంత వాల్వు. చక్రం బిర్రుగా మూసి ఉంది. పక్కన గోడకు ఒక కొక్కెం ఉంది, కొక్కేనికేమీ లేదు.

కత్తెర గొంతు మళ్ళీ మామూలైంది. “సరే, నిప్పు తనంతట తనే పుట్టిందనుకుందాం. మరి వాల్వు? అదీ తనంతట తనే మూసుకుందా? రవ్వ సంగతి తెలిసి, నీళ్ళు రాకుండా మూసేసి కూర్చుంది ఈవిడ.”

“ఈ కొక్కేనికి ఉండాల్సిన బిళ్ళ ఏది సార్?”

“ఏ బిళ్ళ?” అన్నాడు పోలీసు అధికారి.

“ఎర్ర రంగు వేసిన ఇత్తడి బిళ్ళ. మా కంపెనీ బీమా ఇచ్చిన ప్రతి గోడౌన్‌లోనూ వాల్వు పక్కన ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎవరు వాల్వు మూసినా ముందు ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి. గొట్టాల్లో పని అయ్యాక వాల్వు తెరిచి, బిళ్ళ మళ్ళీ తగిలించి, అప్పుడే గేటు దాటాలి. బిళ్ళ జేబులో ఉన్నంతసేపూ ఆ గోడౌన్ పూచీ ఆ మనిషిది. కొక్కెం ఖాళీగా ఉంటే మిగతావాళ్ళెవరూ చక్రం ముట్టుకోకూడదు. లోపల ఎవరైనా పనిలో ఉండొచ్చు.”

“అయితే ఈవిడే తీసి ఎక్కడో పారేసి ఉంటుంది,” అన్నాడు కత్తెర.

బూడిదక్క నవ్వింది. “గోడౌన్ తగలబెట్టాలని వచ్చినవాళ్ళు రూలు పాటిస్తారా సార్? చక్రం తిప్పేసి, బిళ్ళను దాని చోటనే ఉంచి పోతారు. అంతా బాగానే ఉందని చూసేవాళ్ళు అనుకోవాలిగా. వాల్వు మూసేముందు చెయ్యి దానంతట అదే బిళ్ళ మీదికి వెళ్ళిందంటే, అది ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చెయ్యి. మనవాళ్ళ చెయ్యి.”

కత్తెర తోలు సంచీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“జాగ్రత్తమ్మా. కంపెనీ ఉప్పు తింటూ కంపెనీ మీదే వేలు చూపిస్తున్నావు. ఇంత పెద్ద పరిహారం చెల్లిస్తే ఏమవుతుందో తెలుసా?”

“చెల్లించకపోతే ఏమవుతుందో తెలుసు. మీకూ తెలుసు. మా నాన్నకు పత్తి చేలుండేవి సార్. పత్తి తీతలు కాగానే అందరికీ ఒకేసారి డబ్బు అవసరం. అందరూ ఒక్క వారంలో తెచ్చి బజార్లో పడేస్తే ధర పాతాళానికి పోయేది. ఆర్నెల్లు తిరిగేసరికి మిల్లులకు పత్తి దొరక్క ధర ఆకాశానికి ఎక్కేది. రైతూ మునిగేవాడు, మిల్లువాడూ మునిగేవాడు, మధ్యలో కూలీల పొయ్యి ఆరిపోయేది. ఇప్పుడు రైతు సరుకు గోడౌన్‌లో పెట్టి, రశీదు బ్యాంకుకిచ్చి అప్పు తెచ్చుకుంటున్నాడు. ధర చూసుకుని నిదానంగా అమ్ముకుంటున్నాడు. ఆ రశీదు మీద బ్యాంకు అప్పెందుకిస్తోంది? పెద్దమ్మ మొహం చూసా? ఈ గోడలు చూసా? వెనక మనమున్నామని. ఇవాళ అబద్ధపు కారణం చెప్పి మనం చేతులెత్తేస్తే, రేపు దేశంలో ఉన్న ప్రతి రశీదూ చిత్తుకాగితమే. తర్వాత అందరూ ఒక్క వారంలోనే అమ్ముకోవాలి, మళ్ళీ మా నాన్న రోజులే.”

కత్తెర కూడా తగ్గలేదు. “అడిగినవాళ్ళందరికీ ఇచ్చుకుంటూ పోతే? ప్రతివాడూ అగ్గిపెట్టె పట్టుకుంటాడు. ఖజానా ఖాళీ అయ్యాక నిజంగా కాలినవాడికి ఇవ్వడానికి ఏముంటుంది? లేదని చెప్పే పాపిష్టివాడు ఒకడు ఉండబట్టే ఈ కంపెనీ నిలబడింది.”

అందులో నిజముంది. బూడిదక్క అది ఎప్పుడూ కాదనలేదు. ఆయన కోసిన దొంగ పరిహారాల్లో సగం ఆమె పట్టుకున్నవే.

“ఆ మాట ఒప్పుకుంటాను సార్. అందుకే లేదని చెప్పేవాడి చేతులు మరీ శుభ్రంగా ఉండాలి,” అని ఆమె గేటు వైపు నడిచింది.

*

గేటు కాపలాదారుణ్ణి అందరూ విజిల్ అంటారు. లారీ వచ్చినా, మనిషి వచ్చినా, కుక్క వచ్చినా విజిల్ ఊదుతాడు. ఇవాళ మాత్రం విజిల్ జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

“మంట చూడగానే ఏం చేశావు?” అని మొదలుపెట్టింది బూడిదక్క.

“వాల్వు గదికి పరుగెత్తానక్కా. చక్రం మూసి ఉంది. కొక్కెం చూస్తే బిళ్ళ లేదు. బిళ్ళ లేకపోతే ముట్టుకోకూడదుగా. గొట్టాల పనిలో ఎవరైనా ఉన్నారేమోనని అరిచాను. ఎవరూ పలకలేదు. ముట్టుకుంటే ఒక తప్పు, ముట్టుకోకపోతే ఇంకో తప్పు. ఫైరింజన్‌కి ఫోన్ చేశాను.”

“సరైన పనే చేశావు. మొన్న వాల్వు గదిలోకి ఎవరెళ్ళారు?”

విజిల్ నీళ్ళు నమిలాడు. కళ్ళు ఒకసారి కత్తెర మీదికి వెళ్ళి వచ్చాయి. “ఎవరూ వెళ్ళలేదక్కా.”

“బయటి నుంచి ఎవరూ రాలేదా?”

“రాలేదక్కా.”

కత్తెర తృప్తిగా తలాడించాడు. “విన్నావుగా. ఇంక పద.”

“పదండి సార్. పాపం మీరూ అలిసిపోయారు.” బూడిదక్క రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. గొంతులో దర్యాప్తు పోయి, పక్కింటావిడ వచ్చి కూర్చుంది. “అన్నట్టు, సారు తాతయ్యారు తెలుసా? మనవడట.”

విజిల్ మొహం విప్పారింది. ఎంత సేపటి నుంచో బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు నవ్వాడు. “తెలీకపోవడమేంటక్కా, సారు ఇక్కడుండగానే కదా ఫోనొచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని నన్ను కావిలించుకున్నారు. కారు తలుపు కూడా వేసుకోకుండా...”

అక్కడికి వచ్చాక గానీ తనేం మాట్లాడాడో అతనికి తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే మాట గేటు దాటిపోయింది.

పోలీసు అధికారి కత్తెర వైపు తిరిగాడు. “మనవడు పుట్టింది మొన్న మధ్యాహ్నం అన్నారు కదండీ?”

కత్తెర సంచీని వెనక్కి జరుపుకున్నాడు.

“సారు తప్పు మనిషి కాదండీ. మంట వచ్చాక, నేనొచ్చిన సంగతి చెప్పకు, వాల్వు తెరవలేదని నీ మెడకే చుట్టుకుంటుంది అన్నారు. పిల్లలు గలవాణ్ణండీ. భయపడ్డాను,” అన్నాడు విజిల్ ఏడుపు గొంతుతో.

“సంచీ మీరు తెరుస్తారా, నన్ను తెరవమంటారా?” అని అడిగింది బూడిదక్క. ఆమె గొంతులో గెలుపు లేదు.

కత్తెర సంచీని గేటు దగ్గరి సిమెంటు దిమ్మె మీద పెట్టాడు. తాళం తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. చెయ్యి లోపలికి పోయి, పిడికిలి మూసుకుని బయటికొచ్చింది. పిడికిలి విప్పితే ఎర్ర బిళ్ళలు. ఒకటి కాదు, మూడు.

“గొట్టాల్లో తుప్పు కడిగించాలంటే నీళ్ళు దిగడానికే సగం రోజు పడుతుంది,” అన్నాడు కత్తెర. పాతికేళ్ళలో ఆయన అంత మెల్లగా మాట్లాడగా ఎవరూ విని ఉండరు. “ఒక్కోచోట కూర్చుంటే మూడు గోడౌన్లకు మూడు రోజులు. అందుకని పోతూ పోతూ మూడూ మూసేసి, వస్తూ వస్తూ తెరుస్తాం. రూలు కాదు. కానీ తనిఖీ చేసేవాళ్ళందరం చేసేదదే. మొన్న మూడోది ఇదే. ఇది మూసి వెనక్కి బయల్దేరేలోపు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఇంక నాకేదీ గుర్తులేదు. నిన్న పొద్దున మంట అన్నారు. వచ్చి చూసేసరికి గదికి సీలు.”

“అందుకని నా మెడకు కట్టావా?” అంది వెనక నుంచి పెద్దమ్మ. అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

“నువ్వే అంటించావని నిజంగానే అనుకున్నానమ్మా. అనుకుంటే నాకు నిద్ర పట్టేది. మిగతా రెండూ సాయంత్రం వెళ్ళి చప్పుడు కాకుండా తెరిచేద్దామనుకున్నాను. వాటికేం తొందరలే అనుకున్నాను, ఇందాక ఆ బేలు కోసేదాకా.”

బూడిదక్క మళ్ళీ ఆ మూడు బిళ్ళల వైపు చూసింది. మూడు ఆకుపచ్చ గీతలు చూసి ఆయన మొహం ఎందుకు పాలిపోయిందో ఇప్పుడు తెలిసింది. “ఆ మిల్లు సరుకు మిగతా రెండు గోడౌన్లలోనూ ఉంది. మొన్న మీ కళ్ళతో చూశారు. అవునా?”

“రెండింట్లోనూ ఉంది,” అన్నాడు కత్తెర.

“ఫోన్ తీయండి.”

మొదటి గోడౌన్‌కు బూడిదక్కే చేసింది. అక్కడి కాపలాదారు గొంతు స్పీకర్లో గట్టిగా వినిపించింది. “వాల్వా అండీ? కొక్కేనికి బిళ్ళ లేదండీ. బిళ్ళ లేకుండా ముట్టుకోకూడదని మీ వాళ్ళే చెప్పారు. ఎవరు చెప్పినా సరే ముట్టుకోను. బిళ్ళ ఉన్న మనిషి చెప్పాలి.”

అందరూ కత్తెర వైపు చూశారు. పోలీసు అధికారి ఎదుట, పెద్దమ్మ ఎదుట, గోడ దగ్గర గుమిగూడిన హమాలీల ఎదుట ఆయన ఫోన్ అందుకున్నాడు. ఇంకో చేతిలోని బిళ్ళలు చప్పుడు చేస్తున్నాయి. గొంతు మాత్రం స్థిరంగా ఉంది.

“నేను కత్తెరను మాట్లాడుతున్నాను. మొన్న వాల్వు మూసింది నేను. తెరవడం మర్చిపోయింది నేను. నీ గోడౌన్ బిళ్ళ నా చేతిలో ఉంది. చక్రం తిప్పు.”

అవతల ఇనుము కిర్రుమంది. గొట్టాల్లోకి నీళ్ళు పరుగెత్తే హోరు ఫోన్లోంచి వినిపించింది. విజిల్ రెండు చేతులూ జోడించాడు.

“బేళ్ళ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఏది తగిలినా బయటికి ఈడ్పించు,” అని చెప్పి కత్తెర రెండో నంబరు నొక్కాడు. అది పత్తి గోడౌన్లన్నిటిలోకీ పెద్దది. ఇక్కడున్న సరుకుకు పది రెట్లు అక్కడుంది. అది కూడా పోతే పెద్దమ్మ రశీదులనే కాదు, ఏ గోడౌన్ రశీదునూ ఏ బ్యాంకూ తీసుకోదు. ఫోన్ చాలాసేపు మోగింది.

“హలో సార్, మీకే చేద్దామనుకుంటున్నాను,” అంది ఒక హుషారైన గొంతు. “చివరి వరసలో ఏదో కమురు వాసన వస్తోంది సార్. పొగ కనబడట్లేదు గానీ వాసన మాత్రం ఘాటుగా ఉంది. గాలాడుతుందని పెద్ద తలుపులు రెండూ బార్లా తెరిపిస్తున్నాను.”

“తలుపులు తెరవొద్దు,” బూడిదక్క ఫోన్ మీదికి వంగింది. “గాలి తగిలితే భగ్గుమంటుంది, మూసెయ్యి. ముందు వాల్వు తెరువు. బిళ్ళ సార్ దగ్గరే ఉంది.”

అవతల తలుపు చక్రాలు దొర్లుతున్న చప్పుడు. ఎవరో ఎవర్నో పిలిచారు. తర్వాత పెద్ద గాలి విసురు లాంటి శబ్దం ఒకటి వచ్చింది. లైను తెగిపోయింది.

పోలీసు అధికారి అప్పటికే వైర్‌లెస్‌లో ఫైరింజన్లను పురమాయిస్తున్నాడు. బూడిదక్క జీపు తలుపు తెరిచి, స్తంభంలా నిలబడిపోయిన కత్తెర భుజం పట్టుకుని లోపలికి తోసింది.

“ఎక్కండి సార్. అక్కడ కూడా బిళ్ళ ఉన్న మనిషి చెప్తేనే వాల్వు తెరుస్తారు.”